మూత తీయకండి: ఇంట్లో ఇంక్యుబేటర్‌తో కోడిపిల్లలు

మా అమ్మ పెట్టను పొదగేసినప్పుడు బుట్టలో ఊక పోసి, గుడ్ల పక్కన బొగ్గు ముక్క, మేకు పెట్టేది. ఉరుములకు గుడ్లు మురిగిపోకుండానట. మిగతా 21 రోజులూ ఆ బుట్ట జోలికి ఎవరినీ పోనిచ్చేది కాదు. బొగ్గు సంగతి నాకు తెలియదు గానీ, జోలికి పోకపోవడం మాత్రం గుడ్లు పొదిగే మెషిన్‌కీ పనికొస్తుందని మొదటి బ్యాచ్ పాడయ్యాకే అర్థమైంది.

నాకు నర్సీపట్నంలో టైలరింగ్ షాపు, పెరట్లో తొమ్మిది వనరాజా పెట్టలు, ఒక పుంజు ఉన్నాయి. రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన సంస్థ వాళ్లు తయారు చేసిన ఈ రకం గుడ్లు బాగానే పెడుతుంది, పొదుగు మాత్రం కూర్చోదు. అందుకే ఫ్యాన్ ఉన్న 24 గుడ్ల మెషిన్ కొన్నాను. మొదటిసారి 24 గుడ్లు పెడితే ఐదు పిల్లలే వచ్చాయి. అవి కూడా 23వ రోజున.

ముందు గుడ్ల సంగతి. కిరాణా కొట్లో దొరికే ఫారం గుడ్లు పనికిరావు, ఆ పెట్టల దగ్గర పుంజు ఉండదు. ఎనిమిది, పది పెట్టలకు ఒక పుంజు తిరుగుతున్న చోట గుడ్లు తీసుకోండి. వారం దాటినవి, ఫ్రిజ్‌లో పెట్టినవి, చిట్లినవి వద్దు. మురికి అంటితే కడగకండి, పక్కన పెట్టేయండి. కడిగితే పెంకు మీద ఉండే సన్నటి పొర పోయి క్రిములు లోపలికి పోతాయి. నేను రోజూ తెచ్చినవి తెచ్చినట్టు చల్లటి గదిలో, ట్రేలో సన్న కొన కిందికి వచ్చేలా నిలబెడతాను. బస్సులో తెచ్చిన గుడ్లయితే ఒక రాత్రి కదపకుండా ఉంచి, మర్నాడు పెట్టండి.

గుడ్లు పెట్టడానికి ఒక రోజు ముందే మెషిన్ ఖాళీగా ఆన్ చేయండి. ఫ్యాన్ ఉన్న మెషిన్‌లో 37.5 డిగ్రీలు ఉండాలి. నా మెషిన్ మీద అంకె సరిగ్గా 37.5 చూపించేది, నేను నమ్మాను. తర్వాత అనుమానం వచ్చి పిల్లల జ్వరానికి వాడే పాదరసం థర్మామీటర్‌ని గుడ్ల ఎత్తులో పెట్టి చూస్తే 97.8 ఫారెన్‌హీట్ వచ్చింది. రావాల్సింది 99.5. ఒక డిగ్రీ సెల్సియస్ తక్కువ! కోడిపిల్లలు రెండు రోజులు ఆలస్యం కావడానికి కారణం అదే. ఆ థర్మామీటర్‌తో ఇంకో లాభం ఉంది. ఎక్కిన పాదరసం దానంతట అది దిగదు కాబట్టి, రాత్రి వేడి ఎక్కువైతే పొద్దున తెలిసిపోతుంది. పగలకుండా చూసుకోండి, ప్రతిసారీ విదిలించి పెట్టండి. ఫ్యాన్ లేని మెషిన్‌లో గుడ్ల పైభాగం దగ్గర 101 నుంచి 102 ఫారెన్‌హీట్ ఉండాలి.

నేను శనివారం సాయంత్రం పెడతాను, లెక్క తేలిక. మూడు వారాలకు మళ్లీ శనివారమే పిల్లలు. ప్రతి గుడ్డుకీ పెన్సిల్‌తో ఒక వైపు సున్నా, రెండో వైపు ఇంటూ గీయండి. పెన్ను వద్దు. రోజుకు మూడుసార్లో ఐదుసార్లో తిప్పాలి, సరి సంఖ్య కాదు. బేసి సంఖ్య అయితే గుడ్డు ప్రతి రాత్రీ ఒకే వైపు పడుకోదు. తిప్పకపోతే లోపలి పిండం పొరకి అతుక్కుపోతుంది. తిప్పే మోటార్ ఉంటే ఈ బాధ లేదు.

తేమ మొదటి 18 రోజులు 45 నుంచి 55 శాతం చాలు. మా దగ్గర వానాకాలంలో గాలిలోనే బోలెడంత తేమ, కొన్ని రోజులు నీళ్లే పోయను. తేమ ఎక్కువైతే గుడ్డులో గాలి గది పెరగదు, పిల్ల చివర్లో ఊపిరాడక చనిపోతుంది. నేను తూకం వేసి చూస్తాను. లోపలి నీరు కొంత ఆరి, 40 గ్రాముల గుడ్డు 18వ రోజుకు 35 దగ్గరికి రావాలి.

ఏడో రోజు రాత్రి లైట్లు ఆర్పి, సెల్‌ఫోన్ టార్చ్ మీద గుడ్డు లావు వైపు ఆనించి చూడండి. మధ్యలో నల్లటి చుక్క, దాని చుట్టూ సాలీడు కాళ్లలా ఎర్రటి నరాలు కనిపిస్తే బతికున్నట్టు. చుక్క కదులుతుంది కూడా. ఏమీ లేకుండా పసుపుగా వెలిగితే అది గొడ్డు గుడ్డు. ఎర్రటి ఉంగరంలా ఉంటే మధ్యలో చనిపోయింది. ఈ రెండూ తీసేయండి, ఉంచితే కుళ్లి పేలుతాయి.

కరెంటు పోతే మూత తీయకుండా దుప్పటి కప్పండి. గంట, రెండు గంటలు గుడ్లు తట్టుకుంటాయి. చలి కన్నా వేడే ప్రమాదం. మే నెలలో గదే 40 డిగ్రీలుంటే మెషిన్ ఏం చేస్తుంది? దానికి వేడి చేయడమే వచ్చు, చల్లబరచడం రాదు. ఎండాకాలం నేను మెషిన్ ముట్టను.

18వ రోజు, అంటే బుధవారం సాయంత్రం, తిప్పడం ఆపేసి గుడ్లు అడ్డంగా పడుకోబెట్టి, తేమ 65 నుంచి 70కి పెంచి మూత వేసేయండి. మొదటి బ్యాచ్‌లో నా రెండో తప్పు ఇక్కడే. అర్ధరాత్రి గుడ్డులోంచి కీచుమని వినిపించింది. చూస్తే పెంకు మీద కందిగింజంత పగులు. పొద్దుటికి కూడా అంతే ఉంది. నాకు టెన్షన్ ఎక్కి, మూత తీసి గోరుతో పెంకు వలిచాను. పొర మీద సన్నటి రక్తం గీతలా పాకింది. పచ్చసొన ఇంకా కడుపులోకి పూర్తిగా పోలేదు. పది నిమిషాల్లో పిల్ల నా అరచేతిలోనే చనిపోయింది. మూత తీసినప్పుడల్లా తేమ పోయి, మిగతా గుడ్లలో కూడా పొర ఎండి పిల్లలకు అంటుకుపోయింది.

పగులు పడ్డాక 12 నుంచి 24 గంటలు పిల్ల విశ్రాంతి తీసుకుంటుంది. ఆ తర్వాత పెంకు చుట్టూ కోసుకుంటూ తిరిగి, మూతలా తన్నేసి బయటికొస్తుంది. ఒళ్లు ఆరి బొచ్చు విచ్చుకునేదాకా లోపలే ఉంచండి. కడుపులో పచ్చసొన ఉంటుంది కాబట్టి ఒకటిన్నర రోజు మేత లేకపోయినా ఏం కాదు. రెండో బ్యాచ్‌లో మూడు గొడ్డు గుడ్లు పోగా 17 పిల్లలొచ్చాయి.

తర్వాత అట్టపెట్టెలో 60 వాట్ల బల్బు, కింద గోనెపట్టా. న్యూస్‌పేపర్ వేస్తే జారి కాళ్లు విడిపోతాయి. మొదటి వారం బల్బు కింద 35 డిగ్రీలు, ఆపై వారానికి మూడు డిగ్రీలు తగ్గించండి. పిల్లలు బల్బు కింద గుంపుగా చేరితే చలి, మూలలకు పోయి నోళ్లు తెరిస్తే వేడి. నీళ్ల పళ్లెంలో గులకరాళ్లు వేయండి, మునిగిపోవు. ఐదు నుంచి ఏడో రోజు లోపు కొక్కెర తెగులు రాకుండా లసోటా టీకా చుక్క కంట్లో వేయాలి. ఒక్క సీసాలో చాలా డోసులుంటాయి, కలిపాక కాసేపటికే పనికిరాదు, అందుకే పక్క వీధిలో కోడిపిల్లలున్న వాళ్లందరినీ అదే రోజు పిలుస్తాను.

23వ రోజుకూ చిట్లని గుడ్లు మునగ చెట్టు మొదట్లో పాతేసి, మెషిన్ బ్లీచింగ్ నీళ్లతో తుడిచి, రెండు రోజులు ఎండలో ఆరబెడతాను. వచ్చే శనివారానికి ట్రేలో 20 గుడ్లు చేరాయి.