రైఫిల్ తూటా కేసు లోపలి చోటును నీళ్లతో కొలవడం ఎలా?

కేసు అంటే పౌడర్‌ను (మందుగుండు పొడిని), బుల్లెట్‌ను పట్టి ఉంచే ఇత్తడి గొట్టం. పేలిన కేసును మళ్లీ నింపి వాడేవాళ్లకు ఈ కొలత కావాలి. రెండు కంపెనీల కేసులు బయటికి ఒకే కొలతలో ఉన్నా గోడల మందం ఒకటి కాదు. మందం పెరిగితే లోపల చోటు తగ్గుతుంది, అంతే పౌడర్ పోసినా పేలినప్పుడు ఒత్తిడి పెరుగుతుంది. అందుకే కేసుల రకం మారిన ప్రతిసారీ కొలవాల్సిందే.

0.1 గ్రెయిన్ (ఒక గ్రెయిన్ అంటే సుమారు 0.065 గ్రాములు) చూపే త్రాసు, సన్న సూది ఉన్న సిరంజి, టిష్యూ కాగితం, గదిలో పెట్టి ఉంచిన నీళ్లు, ఒక్కో రకంలో అయిదేసి కేసులు చాలు. కేసులు మీ రైఫిల్‌లోనే పేల్చినవై ఉండాలి, రీసైజ్ చేయకూడదు, అంటే డై అనే అచ్చులో నొక్కి పాత కొలతకు తేకూడదు. ఒత్తిడి లెక్కకు కావలసింది ఛాంబర్‌లో (రైఫిల్‌లో తూటా కూర్చునే గదిలో) సాగిన కొలత. రీసైజ్ చేసి కొలిస్తే తెలిసేది మీ డై ఎంత నొక్కిందన్నదే. మసి వదిలించి, అన్నిటి మూతినీ ఒకే పొడవుకు కత్తిరించండి (ట్రిమ్). పేలిన ప్రైమర్‌ను (పౌడర్‌కు నిప్పంటించే, కేసు అడుగున ఉండే చిన్న బిళ్లను) తీయొద్దు, అడుగున బిరడా అదే. పేలని ప్రైమర్ ఉన్నదాని జోలికి పోవద్దు.

ఖాళీ కేసు తూచండి, నీళ్లు నింపండి, మళ్లీ తూచి, ఆ బరువులోంచి ఖాళీ కేసు బరువును తీసివేయండి. పని ఇంతే. చెడేదంతా నింపే దగ్గరే.

సూదిని అడుగుదాకా దించి, నెమ్మదిగా పైకి లాగుతూ నింపండి. పైనుంచి పోస్తే భుజం (కేసు మెడ వైపు సన్నబడే చోటు) కింద గాలి చిక్కుకుంటుంది. నిండాక గోటితో తట్టండి. మట్టం దిగిందంటే బుడగ బయటికొచ్చినట్టు, మళ్లీ నింపాలి. అడుగున తడి కనిపిస్తే ప్రైమర్ పక్కనుంచి కారుతోందన్నమాట, ఆ కేసు వదిలేయండి.

ఇక మూతి. అక్కడ నీళ్లు ఉబ్బకూడదు, గుంటపడకూడదు. .308 వించెస్టర్ (ఒక రైఫిల్ తూటా రకం) కేసు మూతి మీద 1 మి.మీ. ఉబ్బు దాదాపు 0.4 గ్రెయిన్లు. మనం పట్టుకోవాలని చూసే తేడాయే ఒక్కోసారి 1 గ్రెయిన్! కేసును కంటి ఎత్తులో పెట్టి, పక్కనుంచి వెలుతురు పడేలా చూడండి. ఉబ్బు ఉంటే టిష్యూ మొనను ఒక్కసారి తాకించండి, అదిమితే గుంట పడుతుంది. గ్లాసు నీళ్లలో ఒక్క చుక్క గిన్నెల సబ్బు కలిపితే ఉబ్బు తగ్గుతుంది, కలపాల్సిందే. తూచేముందు అంచు పక్క గాడిలో దాగిన తడినీ తుడవండి.

నీళ్లకు బదులు ఆల్కహాల్ పోసేవాళ్లున్నారు. దాని సాంద్రత వేరు, ఆ అంకె ఏ పట్టికతోనూ పొసగదు. పౌడర్ పోసి కొలిస్తే అది ఎంత కుదురుకుందన్నదాన్ని బట్టి అంకె మారుతుంది. కేసు బరువు చూసి వేరు చేయడం మరీ తేలిక పని, అంతే నమ్మరానిది. ఇత్తడి నీటికన్నా సుమారు 8.5 రెట్లు బరువు, కాబట్టి కేసు బరువులో 8.5 గ్రెయిన్ల తేడా ఉంటేనే లోపల 1 గ్రెయిన్ నీటి తేడా. ఆ బరువు గోడల్లో కాక అంచు గాడి దగ్గర ఉంటే అదీ లేదు.

అయిదింటి సగటు తీయండి. .308 వించెస్టర్‌కు 56 గ్రెయిన్ల చుట్టుపక్కల వస్తుంది, సైనిక కేసులు తరచూ తక్కువ చూపుతాయి. బుల్లెట్ ఆక్రమించే చోటు కూడా ఇందులోనే ఉంది, అందుకే ఈ అంకె కేసులను పోల్చడానికే. సగటు తగ్గితే పాత కేసుల లోడ్ (పౌడర్ మోతాదు) వాడొద్దు, లోడింగ్ మాన్యువల్ ఇచ్చే కనిష్ఠ లోడ్ నుంచి మళ్లీ మొదలుపెట్టండి.

కొలిచిన కేసుల ప్రైమర్లు తీసేసి, మూతి కిందికి పెట్టి పూర్తిగా ఆరనివ్వండి. అడుగు రంధ్రంలో తడి ఎక్కువసేపు నిలుస్తుంది, అక్కడ చూశాకే లోడింగ్‌కు తీసుకోండి.