చిన్న షాపుల గూగుల్ పని: క్లయింట్‌ను ఎలా పట్టాలి, పట్టాక ఎలా నిలుపుకోవాలి

ఏసీ రిపేర్ షాపులోకి వెళ్లి "సార్, మీకు ఎస్‌ఈఓ చేసిపెడతాం" అన్నారనుకోండి (గూగుల్‌లో వెతికినప్పుడు షాపు పైన కనపడేలా చేసే పనినే ఎస్‌ఈఓ అంటారు), ఆయన తల కూడా ఎత్తడు. విప్పి పెట్టిన బోర్డు మీద మీటర్ ఆనించి చూసుకుంటూనే "ఇప్పుడేం వద్దు బాబూ" అంటాడు. విజయవాడ గవర్నర్‌పేట సందుల్లో మొదటి మూడు నెలలు నేను విన్నది ఈ మాటే. ఎస్‌ఈఓ అంటే ఏంటో కూర్చోబెట్టి వివరిస్తే వింటాడేమో గానీ, విని ఆయన చేసేదేం లేదు. ఆయనకి ఫోన్ మోగాలి, మోగిన ఫోన్లో కొత్త గొంతు వినపడాలి, అంతే. అందుకే ఇప్పుడు నేను ఆ మూడక్షరాలు నోటివెంట రానివ్వను, "గూగుల్‌లో మీ షాపు ఎలా కనపడుతుందో ఒకసారి చూపిస్తాను, రెండు నిమిషాలు" అంటాను.

ఈ చూపించడంలో ఒక కిటుకు ఉంది. ఆయన కౌంటర్ దగ్గర నిలబడి "ఏసీ రిపేర్ నియర్ మీ" అని వెతికితే చాలాసార్లు ఆయన షాపే పైన వస్తుంది, ఎందుకంటే గూగుల్ లోకల్ లెక్కలో అడిగినదానికి షాపు ఎంత సరిపోతుంది, దానికెంత పేరుంది అన్నవాటితో పాటు దూరం కూడా ఉంటుంది. ఆయన చూసి "మనదే ఫస్టు కదయ్యా" అంటాడు, మీ పని అక్కడితో అయిపోయింది. అందుకే షాపుకి వెళ్లేముందే పటమటలో ఒకచోట, భవానీపురంలో ఒకచోట బండి ఆపి వెతికి, స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి. ఆయన కస్టమర్లు ఉండేది అక్కడ. తన పక్క వీధి షాపు పేరు పైన ఉండి తన పేరు కనపడకపోతే ఏ ఓనరైనా మీటర్ పక్కన పెడతాడు.

ఆ తర్వాత ఆయన ప్రొఫైల్‌లో, అంటే గూగుల్‌లో షాపు పేరు, నెంబరు, టైమింగ్స్ కనపడే పేజీలో, తప్పులు చూపించండి. వెతకాల్సిన పని ఉండదు, ఎదురుగానే ఉంటాయి. ఎప్పుడో తీసేసిన నెంబరు, ఆదివారం షాపు తెరిచే ఉన్నా సెలవు అని ఉండటం, రిపేర్ షాపుకి ఎలక్ట్రానిక్స్ స్టోర్ అనే కేటగిరీ, మ్యాప్‌లో పిన్ వెనక వీధిలో. ప్రొఫైల్ లాగిన్ ఆయన దగ్గరే ఉంటే ఒకదాన్ని అక్కడికక్కడే ఆయన ఫోన్లోనే సరిచేసి చూపించి, డబ్బులు అడక్కుండా వచ్చేయండి. మిగతావి మిగిలే ఉంటాయి, కంగారు లేదు. చాలా షాపుల్లో లాగిన్ ఎవరిదో ఆయనకే తెలియదు, ఎప్పుడో మానేసిన కుర్రాడి జీమెయిల్‌లో ఉంటుంది. దాన్ని తిరిగి ఆయన పేరు మీదకి తెప్పించడమే మీ మొదటి పెయిడ్ పని అయినా ఆశ్చర్యపోకండి, నాకు అలా వచ్చిన క్లయింట్లే ఎక్కువ.

ఇంకో సంగతి, గల్లాపెట్టె దగ్గర తండ్రి ఉంటాడు, ఫోన్ సంగతులు కొడుకు చూస్తాడు. కొడుక్కి నచ్చి తండ్రికి చెప్పకపోతే మొదటి నెల డబ్బుల దగ్గరే ఆగిపోతుంది. తండ్రికి నచ్చి కొడుకుని పట్టించుకోకపోతే మీకు ఫోటోలూ రావు, ఓటీపీలూ రావు. ఇద్దరూ ఉన్న టైమ్‌లోనే మాట్లాడండి.

ఎవరి దగ్గరికి వెళ్లాలి

నా లెక్క ఒక్కటే, ఒక్క కొత్త కస్టమర్ వస్తే ఓనరుకి ఎంత మిగులుతుంది? నేను నెలకి 6,000 తీసుకుంటాను. ఫంక్షన్ హాల్ వాళ్లకి ఒక్క పెళ్లి బుకింగ్‌తో నా ఏడాది ఫీజు వచ్చేస్తుంది. ఇంటీరియర్స్, బోర్లు, ప్యాకర్స్ అండ్ మూవర్స్, డ్రైవింగ్ స్కూళ్లు, ఏసీ సర్వీసు, ఇవన్నీ జనం అవసరం పడ్డప్పుడు ఫోన్ తీసి వెతికే పనులు. టిఫిన్ సెంటర్ వాళ్లు మాత్రం నా 6,000 రాబట్టుకోవాలంటే ఎన్ని ప్లేట్ల ఇడ్లీ అమ్మాలో మీరే లెక్కేసుకోండి. అలాంటివాళ్లకి ప్రొఫైల్ ఒక్కసారి సరిచేసిపెట్టి, ఒకసారి ఫీజు తీసుకుని, నెలనెలా వద్దని మీరే చెప్పండి. ఆ చెప్పినందుకే నాకు ఒక టిఫిన్ సెంటర్ ఓనరు తన బావమరిది టైల్స్ షోరూమ్ పని ఇప్పించాడు.

డాక్టర్లు, లాయర్ల దగ్గర జాగ్రత్త. 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నియమాల ప్రకారం డాక్టరు ప్రకటనలిచ్చి పేషెంట్లను పిలుచుకోవడానికి వీల్లేదు, లాయర్లకైతే ఇలాంటిదే బార్ కౌన్సిల్ 36వ రూలు ఉంది. వాళ్ల దగ్గర అడ్రసు, టైమింగ్స్, నెంబరు, పిన్ సరిగా పెట్టేవరకే నా పని. "బెస్ట్ లాయర్" అని యాడ్ వేసిపెట్టమంటే వేయను, రేపు ఇబ్బంది పడేది ఆయనే.

మాట ఇచ్చేటప్పుడు

"పదిహేను రోజుల్లో ఫస్ట్ పేజీ గ్యారంటీ అని ఇంకొకాయన చెప్పాడే" అని అడుగుతారు, ప్రతిచోటా అడుగుతారు. మొదటి స్థానం ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరని గూగుల్ తన సొంత పేజీల్లోనే రాసింది, అది తీసి చూపించండి. చూపించి ఊరుకోకుండా, మూడు నెలల్లో మీరేం చేస్తారో తేదీలతో తెల్ల కాగితం మీద రాసి ఇవ్వండి. "వచ్చిన కాల్స్ నెలనెలా లెక్కపెట్టి చూపిస్తాను, మీ ఏరియాలో ఇంకో ఏసీ షాపు పని పట్టను" అనే రెండు వాక్యాలు కూడా రాయండి. ఆ రెండోది చదివాక బేరం తగ్గుతుంది. నిజంగానే పట్టకండి మరి, ఇద్దరి దగ్గరా డబ్బు తీసుకుని ఇద్దరినీ పైకి తేవడం కుదరదు, పైగా వాళ్లిద్దరూ ఒకే అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో ఉంటారు.

నేను చేసిన ఒక తప్పు చెప్తాను. షాపు పేరు పక్కన "ఏసీ రిపేర్ బెస్ట్ ఇన్ విజయవాడ" అని తగిలించాను, అందరూ తగిలిస్తున్నారు కదా అని. బోర్డు మీద ఉన్న పేరే ప్రొఫైల్‌లో ఉండాలన్నది గూగుల్ రూలు. ప్రొఫైల్ సస్పెండ్ అయింది, అదీ సరిగ్గా ఏప్రిల్ చివర్లో, ఏసీ వాళ్లు ఏడాది మొత్తానికి సంపాదించుకునే రోజుల్లో. బోర్డు ఫోటో, జీఎస్టీ సర్టిఫికెట్, కరెంటు బిల్లు పెట్టి అప్పీలు చేసి అది తిరిగొచ్చేదాకా నాకు నిద్ర లేదు. ఆ నెల ఫీజు తీసుకోలేదు, ఆయన ఇచ్చినా తీసుకునే మొహం నాకు లేదు.

రివ్యూలదీ ఇదే సంగతి. రివ్యూ రాస్తే డిస్కౌంట్ అనడం, పదిమంది చుట్టాలతో ఒకేరోజు ఐదేసి స్టార్లు కొట్టించడం, రెండూ రూలుకి విరుద్ధమే. మెకానిక్ పని ముగించి ఏసీ ఆన్ చేశాక, చల్లగాలి మొహానికి తగిలే ఆ నిమిషంలో "అమ్మా, వీలైతే రెండు మాటలు రాయండి, లింక్ వాట్సాప్ చేస్తున్నాను" అంటే చాలు. తెలుగులో రాసినా పర్వాలేదని చెప్పమనండి, చాలామంది ఇంగ్లీషు రాదనే ఆగిపోతారు. తిట్టిన రివ్యూకి కూడా ఓనరు పేరుతో మర్యాదగా జవాబు పెట్టించండి.

యాడ్స్ అడిగితే

ఫీజు వేరు, గూగుల్‌కి వెళ్లే డబ్బు వేరు అని మొదటిరోజే చెప్పండి. 10,000 యాడ్స్‌కి ఖర్చవ్వాలంటే 18 శాతం జీఎస్టీతో కలిపి 11,800 పోతుందనీ చెప్పండి, లేకపోతే ఆ 1,800 మీరు తిన్నారనుకుంటారు. డబ్బు ఆయన కార్డు నుంచే పోవాలి, మీ చేతుల మీదుగా వద్దు.

లొకేషన్ సెట్టింగ్ ఒకటి అందరూ మర్చిపోతారు. గూగుల్ మామూలుగా పెట్టే ఆప్షన్‌లో ఆ ఊళ్లో ఉన్నవాళ్లతో పాటు ఆ ఊరి మీద ఆసక్తి ఉన్నవాళ్లకి కూడా యాడ్ కనపడుతుంది. ఏసీ రిపేర్‌కి అది దండగ, ఊళ్లో ఉన్నవాళ్లకి మాత్రమే అని మార్చాలి. ఫంక్షన్ హాల్‌కి మాత్రం ఆ ఆప్షనే బంగారం, హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటూ ఊళ్లో చెల్లెలి పెళ్లికి హాలు వెతికేవాడు అలాగే దొరుకుతాడు, డల్లాస్‌లో ఉన్నవాడు కూడా కావాలంటే ఆ ఊరినీ టార్గెట్ చేసుకోవచ్చు. ఇక జనం ఏ మాటలు వెతికితే మీ యాడ్ కనపడిందో చెప్పే సెర్చ్ టర్మ్స్ రిపోర్టు వారానికోసారి చూడండి, "ఏసీ మెకానిక్ జీతం", "ఏసీ రిపేర్ కోర్సు" లాంటివి కనపడగానే నెగెటివ్‌లో, అంటే యాడ్ కనపడకూడని మాటల లిస్టులో, పడేయండి.

నిలుపుకోవడం

మే నెలలో ఒక ఏసీ షాపాయన ఫోన్ చేసి "కాల్స్ ఏం రావట్లేదు బాబూ, ఈ నెలతో ఆపేద్దాం" అన్నాడు. ప్రొఫైల్‌లో గూగుల్ చూపించే పెర్ఫార్మెన్స్ లెక్క చూస్తే కాల్స్ అంతకుముందు నెల కంటే ఎక్కువే ఉన్నాయి. స్క్రీన్‌షాట్ పంపి వాదించాలనిపించింది గానీ, ఆగి షాపుకి వెళ్లాను. ఆయన ఫోన్ తీసుకుని కాల్ హిస్టరీ మెల్లగా కిందికి జరుపుతూ పోయాను. మధ్యాహ్నం ఒంటిగంటన్నర నుంచి మూడున్నర దాకా వరసగా ఎర్ర బాణాలు. నిన్న అంతే, మొన్న అంతే. భోజనానికి ఇంటికెళ్లి, ఫోన్ సైలెంట్‌లో పెట్టి, కాసేపు కునుకు తీస్తాడట. ఎండ మాడ్చే టైమ్ అది, జనానికి ఏసీ గుర్తొచ్చేదీ అప్పుడే. గూగుల్ లెక్కపెట్టేది కాల్ బటన్ నొక్కినవాళ్లని, ఫోన్ ఎత్తినవాళ్లని కాదు. ఆ రెండు గంటలూ కాల్స్ కౌంటర్‌లో ఉండే కుర్రాడి నెంబరుకి ఫార్వర్డ్ అయ్యేలా పెట్టి వచ్చాను. ఆపేద్దామన్న మాట మళ్లీ ఎత్తలేదు.

అప్పట్నుంచి పద్నాలుగు పేజీల పీడీఎఫ్ రిపోర్టులు మానేశాను. ప్రతి నెలా మొదటి వారంలో నిమిషం నిడివి వాయిస్ మెసేజ్, ఒక స్క్రీన్‌షాట్. ఎన్ని కాల్స్, ఎంతమంది దారి వెతికారు, ఈ నెల నేనేం చేశాను, మీరేం చేయాలి, అంతే. వింటారు, కొందరైతే ఇంట్లోవాళ్లకి కూడా వినిపిస్తారు.

సీజన్ సంగతి ముందే చెప్పండి. ఆషాఢంలో, మూఢంలో ఫంక్షన్ హాల్ ఫోన్ చల్లబడుతుంది. నవంబర్‌లో ఏసీ షాపుదీ అంతే. అది జరిగాక చెప్తే సాకు అవుతుంది, నెల ముందు చెప్తే మీకు విషయం తెలుసనుకుంటారు. ఆ ఖాళీలో యాడ్స్ తగ్గించి, కొత్త ఫోటోలు తీయించండి, ఏసీ షాపులో గీజర్ సర్వీసు కూడా చేస్తుంటే ప్రొఫైల్‌లో చేర్చండి.

డబ్బులు నెల మొదట్లోనే, అడ్వాన్సుగా. "రేపు చూద్దాం" రెండుసార్లు విన్నాక కొత్త పని ఆపేస్తాను, గొడవ పడను. మీ ఏడాది ఆదాయం 20 లక్షలు దాటేలా ఉంటే జీఎస్టీ రిజిస్ట్రేషన్ సంగతి మీ ఆడిటర్‌ని అడగండి.

ప్రొఫైల్, డొమైన్ (వెబ్‌సైట్ పేరు), యాడ్స్ అకౌంట్ అన్నీ ఓనరు జీమెయిల్ మీదే ఉండాలి, మీరు మేనేజర్‌గా ఉంటే చాలు. తాళాలు మన దగ్గరుంటే క్లయింట్ ఎక్కడికీ పోడు అని కొందరు సలహా ఇస్తారు. పోతాడు, పోతూ పదిమందికి చెప్పి పోతాడు. ఎవరైనా మానేస్తామంటే నేను పాస్‌వర్డ్‌లు, చేసిన మార్పులు అన్నీ ఒక పేజీలో రాసిచ్చి, మేనేజర్‌గా నన్ను నేనే తీసేసుకుంటాను. అలా వెళ్లిన ఒకాయన ఏడు నెలల తర్వాత, మార్చి రెండో వారంలో ఫోన్ చేసి "ఏం బాబూ, గూగుల్‌లో మన నెంబరు ఇంకా అదేనా?" అన్నాడు. అదేనండీ, ఆదివారం టైమింగ్స్ మాత్రం మార్చాలి అన్నాను. "సరే, సాయంత్రం ఒకసారి షాపుకి రా" అన్నాడు.