రిమోట్ డెస్క్‌టాప్: సొంత సర్వరా, కొనుక్కునే సేవా?

గుంటూరు మిర్చి యార్డు దగ్గరి కమీషన్ కొట్టులోని లెక్కల కంప్యూటరును విజయవాడ గవర్నర్‌పేటలోని ఆడిటరు ఆఫీసు నుంచి తెరవాలనుకుంటే, ఏది చవక అని చూసేముందు, అది సీజను మధ్యలో ఆగిపోతే సరిచేసేవారెవరో తేల్చుకోండి. అటువంటి మనిషి లేకపోతే టీమ్‌వ్యూయర్, ఎనీడెస్క్ వంటి రిమోట్ డెస్క్‌టాప్ సేవలకు డబ్బు కట్టడమే మేలని నా అభిప్రాయం. వాటి ఉచిత వాడకం వ్యక్తిగత అవసరాలకే పరిమితం కాబట్టి వ్యాపారానికి లైసెన్సు తీసుకోవలసిందే.

మనిషి ఉంటే, అదే పని చేసే రస్ట్‌డెస్క్ అనే ప్రోగ్రాముకు, రెండు కంప్యూటర్లనూ కలిపే సర్వరును సొంతంగా నడుపుకోవచ్చు. అయితే సర్వరును ఆఫీసు బ్రాడ్‌బ్యాండ్ మీద పెట్టేముందు రౌటరులో వాన్ ఐపీని, అంటే ప్రొవైడరు రౌటరుకు ఇచ్చిన చిరునామాను, చూడండి. అది 100.64 నుంచి 100.127 వరకు ఉన్న శ్రేణిలో ఉంటే, ప్రొవైడరు ఒకే పబ్లిక్ ఐపీని అనేకమందికి పంచుతున్నట్టు లెక్క; అప్పుడు రౌటరులో పోర్టులు (బయటినుంచి లోపలికి వచ్చే అంకెల దారులు) ఎన్ని తెరిచినా బయటివారు లోపలికి చేరలేరు. స్టాటిక్ ఐపీ (మీకే కేటాయించిన, మారని పబ్లిక్ ఐపీ) అడగండి, లేదా చిన్న క్లౌడ్ సర్వరు అద్దెకు తీసుకోండి. తరువాత సర్వరుకు టీసీపీ రకం పోర్టులు 21115 నుంచి 21117 వరకు, యూడీపీ రకం పోర్టు 21116 తెరిచి, సర్వరు తయారుచేసిన పబ్లిక్ కీని (అది మీ సర్వరేనని గుర్తించే అక్షరాల వరుసను) రెండువైపులా కంప్యూటర్లలో నమోదు చేయండి.

ఈ తంటా అంతా ఎందుకని విండోస్ రిమోట్ డెస్క్‌టాప్ వాడే 3389 పోర్టును మాత్రం నేరుగా ఇంటర్నెట్‌కు తెరవకండి. పాస్‌వర్డులు ఊహిస్తూ తలుపు తట్టే ప్రోగ్రాములు దానికోసమే నిరంతరం వెతుకుతుంటాయి.