ఊలు కేకు బంతిలా ఉబ్బకుండా

మిగిలిన ఊలుతో షోకేసు కోసం క్రోషే కేకు అల్లితే, దూది కూరగానే పైభాగం ఉబ్బి లడ్డూలా తయారవుతుంది. దూది తగ్గిస్తే పక్కలు కుంగుతాయి. ఈ రెండూ జరగకుండా ఉండాలంటే ఐస్‌క్రీమ్ డబ్బా ప్లాస్టిక్ మూత ఉంటే చాలు.

4 ప్లై (నాలుగు పోగులు పేనిన) ఊలు, 3 మి.మీ. హుక్. మ్యాజిక్ రింగ్‌లో (కొస లాగితే బిగిసే ఊలు ఉచ్చులో) 6 సింగిల్ క్రోషేలు (క్రోషేలో మామూలు పొట్టి కుట్లు) వేసి, వరసకు 6 చొప్పున పెంచుతూ 36 కుట్లు వచ్చాక ఆపండి. ఇలాంటివి రెండు బిళ్లలు. ఒకదానికి ఊలు తెంపకుండా, తర్వాతి వరస మాత్రం కుట్టు పైనున్న రెండు పోగుల్లో వెనక పోగులోంచే అల్లాలి. అంచు కత్తితో కోసినట్టు మడుస్తుంది. ఆపైన పెంచకుండా మామూలుగా 7 వరసలు. మధ్యలో రెండు తెల్లవి వేస్తే క్రీమ్ పొర. రంగు మార్చేటప్పుడు ముందు వరస ఆఖరి కుట్టును కొత్త రంగుతో లాగి ముగిస్తే రంగు మారినచోట మెట్టు అంతగా కనిపించదు.

ఇప్పుడు మూతలోంచి బిళ్ల కంటే అర సెంటీమీటరు చిన్నగా రెండు చక్రాలు కత్తిరించండి. ఒకటి లోపల పైకప్పుకి ఆనించి, దూది కూరి, రెండోది పెట్టి అడుగు బిళ్ల కుట్టేయాలి. అట్ట వద్దు, ఒక్కసారి ఉతికితే మెత్తబడి ముద్దవుతుంది.

క్రీమ్ బిస్కెట్‌కి ఈ తంటా లేదు: 24 కుట్ల గోధుమరంగు బిళ్లలు రెండు, మధ్యలో తెల్లది ఒకటి, కలిపి కుట్టడమే.

సన్న ఊలు, లావు ఊలు కలిపితే మాత్రం కుట్లు సరిపోయినా పక్కలు వంకరపోతాయి. సన్నదాన్ని రెండు పోగులుగా పట్టి, లావుదానికి సమానమయ్యాకే మొదలుపెట్టండి.