ఓబీఎస్‌నే వెబ్‌క్యామ్‌గా వాడుకోండి

అనంతపురంలో ఇంటి నుంచే పదో తరగతి పిల్లలకు జూమ్‌లో లెక్కలు చెబుతాను. నా ముఖం, కాగితం మీద రాసే లెక్క రెండూ ఒకే తెరలో కనిపించాలంటే నాకు ఓబీఎస్ స్టూడియో అనే కంప్యూటర్ ప్రోగ్రామ్‌కు మించింది లేదు, పైగా ఉచితం. 2020లో వచ్చిన 26వ వెర్షన్ నుంచి వర్చువల్ కెమెరా, అంటే ఓబీఎస్ తెరను జూమ్‌కు వెబ్‌క్యామ్‌లా అందించే సదుపాయం, అందులోనే ఉంది.

సోర్సెస్ కింద ప్లస్ నొక్కి, 'వీడియో క్యాప్చర్ డివైస్'తో వెబ్‌క్యామ్‌ను చేర్చండి. కాగితం వైపు వంచిన రెండో కెమెరానూ అలాగే. ముఖాన్ని చిన్నది చేసి మూలకు లాగండి. పిల్లలు చూడాల్సింది లెక్కనే. 'స్టార్ట్ వర్చువల్ కెమెరా' నొక్కి, జూమ్ వీడియో సెట్టింగ్స్‌లో 'ఓబీఎస్ వర్చువల్ కెమెరా' ఎంచుకోండి.

అంకెలు తిరగబడి కనిపిస్తే టెన్షన్ పడొద్దు. జూమ్ అద్దంలా చూపేది మీకు మాత్రమే, పిల్లలకు సరిగ్గానే కనిపిస్తాయి. మాట మాత్రం ఈ కెమెరా గుండా పోదు, మైకును జూమ్‌లో విడిగా ఎంచుకోవాలి.