యమహా ఆర్ఎక్స్ 100 స్లోలో నిలబడట్లేదా? ముందు స్క్రూడ్రైవర్ పక్కన పెట్టండి

"అన్నా, ఎయిర్ స్క్రూ ఎన్ని చుట్లు?" ఫోన్ ఎత్తగానే ఇదే ప్రశ్న. పెట్రోల్‌లో గాలి కలిపే కార్బురేటర్ మీదుండే చిన్న స్క్రూ అది. ఒకటిన్నర. మెల్లగా లోపలికంటా బిగించి, ఒకటిన్నర చుట్టు వెనక్కి తిప్పి, ఇంజన్ బాగా వేడెక్కాక అటో పావు, ఇటో పావు. బిగిస్తే పెట్రోల్ ఎక్కువ, వదిలితే గాలి ఎక్కువ. దీంతో కుదరలేదంటే తప్పు స్క్రూది కాదు.

దానికన్నా ముందు చేయాల్సిన పని ఒకటుంది, ఎవరూ చేయరు. బండి స్లోలో ఆడుతుండగా హ్యాండిల్ ఆ చివర నుంచి ఈ చివరకు తిప్పండి. రేజ్ (ఇంజన్ వేగం) మారిందా? అయితే అది ఎక్స్‌లేటర్ వైరు జబ్బు. ఈ బండిలో ఆ వైరు మధ్యలో రెండుగా చీలి ఒకటి కార్బురేటర్‌కీ, రెండోది ఆయిల్ పంపుకీ వెళ్తుంది. బిగుసుకుంటే రెండూ చెడతాయి. ఒక చుక్క ఆయిల్‌తో పోయేదానికి కార్బురేటర్ మొత్తం ఊడదీసి తెచ్చినవాళ్లున్నారు.

ప్లగ్ నల్లగా, తడిగా ఉంటే

పికప్ ఉండదు, పొగ ఎక్కువ, ఎక్కేటప్పుడు డబ డబమని మిస్సింగ్. ఎయిర్ ఫిల్టర్ కడగండి. చోక్ పూర్తిగా దిగిందో లేదో చూడండి. కార్బురేటర్ కింది పైపు నుంచి పెట్రోల్ కారుతుంటే ఫ్లోట్ నీడిల్ (కార్బురేటర్‌లో పెట్రోల్ నిండగానే దారి మూసే సూది) మార్చండి. ఇవన్నీ సరిగా ఉంటేనే ఆయిల్ పంపు వైపు చూడండి.

సగం ఎక్స్‌లేటర్‌లోనే తడబడితే

కార్బురేటర్‌లో ఎక్స్‌లేటర్‌తో పాటు లేచే సూదికి ఉండే నీడిల్ క్లిప్ ఒక గాడి మార్చండి. క్లిప్ కిందికి దింపితే నీడిల్ లేస్తుంది, పెట్రోల్ పెరుగుతుంది. పైకి జరిపితే తగ్గుతుంది. ఫుల్ రేజ్‌లో మాత్రమే ఇబ్బంది అయితే మెయిన్ జెట్ (పెట్రోల్ వచ్చే పెద్ద రంధ్రం ముక్క) చూడండి.

రేజ్ ఎక్కి దిగకపోతే

అసలు సంగతి ఇది. చల్లగా ఉన్నప్పుడు బండి బాగానే ఆడుతుంది. వేడెక్కాక సిగ్నల్ దగ్గర చెయ్యి వదిలినా రేజ్ ఎక్కడో వేలాడి, తీరిగ్గా దిగుతుంది. ఐడిల్ స్క్రూ మొత్తం వదిలేసినా తగ్గదు. ఎయిర్ స్క్రూ ఎటు తిప్పినా ఇంజన్‌కి పట్టదు. ప్లగ్ తెల్లగా ఉంటుంది. అంటే కార్బురేటర్ దాటాక ఎక్కడో దొంగగాలి లోపలికి వస్తోంది.

అందరికీ తెలిసిన చోటు మేనిఫోల్డ్ రబ్బరు, అంటే కార్బురేటర్‌ని ఇంజన్‌కి కలిపే రబ్బరు. స్లోలో ఆడుతుండగా దాని చుట్టూ కార్బురేటర్ క్లీనర్ స్ప్రే కొంచెం కొట్టండి (వేడి సైలెన్సర్ మీద పడనివ్వకండి, అంటుకుంటుంది). రేజ్ మారితే రబ్బరు చిట్లినట్టే. జిగుర్లు పూయకండి, కొత్తది వేయండి.

నేను కాలిందీ ఇక్కడే. స్ప్రే కొట్టాను, రేజ్ మారలేదు. లీకు లేదనుకుని పైలట్ జెట్ (స్లోలో పెట్రోల్ ఇచ్చే చిన్న రంధ్రం ముక్క) మార్చాను, మెయిన్ జెట్ రెండు సైజులు పెంచాను. నాలుగో రోజు హైవే మీద ఇంజన్ జామై వెనక చక్రం కీచుమని పట్టేసింది. వేళ్లు క్లచ్ మీదే ఉన్నాయి కాబట్టి ఇవాళ ఇది రాస్తున్నాను. బోరు కొట్టించి, కొత్త పిస్టన్ వేసి స్టార్ట్ చేస్తే మళ్లీ అదే రేజ్! అప్పుడు ఇంజన్ పక్కన కరెంటు పుట్టించే మాగ్నెట్ మీది కవర్ విప్పాను. లోపలంతా నల్లటి జిడ్డు, వేలికి 2టీ ఆయిల్ (పెట్రోల్‌తో కలిసి కాలే ఇంజన్ ఆయిల్) వాసన. మాగ్నెట్ వైపు క్రాంక్ సీలు (క్రాంక్ ఇరుసు చుట్టూ గాలి దూరకుండా ఆపే రబ్బరు) అంచు అప్పడంలా పెళుసెక్కి ఉంది.

పిస్టన్ పైకి వెళ్లినప్పుడల్లా క్రాంక్ కేసు లోపల వాక్యూమ్ ఏర్పడుతుంది. సీలు పోతే అటు నుంచి పొడిగాలి లాక్కుంటుంది. గాలి ఎక్కువై పెట్రోల్ తగ్గితే వేడి పెరుగుతుంది, ఇక బోరు కాలుతుంది. ఈ బండి తయారీ 1996లో ఆగిపోయింది. ఎంత కొత్త బండైనా, పాత సీలే ఉంటే దాని వయసు లెక్కేసుకోండి.

అనుమానం తీరాలంటే బీపీ చూసే పంపు, మీటర్ చాలు. పాత ప్లగ్‌లో పింగాణీ పగలగొట్టి, ఆ ఇనుప గుండ్రానికి ట్యూబ్ అతికించి బిగించండి. సైలెన్సర్ విప్పి ఆ నోటికి టైర్ ట్యూబ్ ముక్క, ఇన్‌టేక్‌కి రబ్బరు బిరడా. ఆయిల్ పంపు సన్న పైపు కూడా మూయండి. పిస్టన్ కింద ఉండాలి. మీటర్‌లో 250 దాకా గాలి కొట్టి ఆరు నిమిషాలు చూడండి. నిమిషానికి 50 కన్నా ఎక్కువ పడిపోతుంటే లీకు ఉన్నట్టు. ఎక్కడో సబ్బునీళ్ల బుడగే చెబుతుంది.

మాగ్నెట్‌ని పుల్లర్‌తోనే తీయండి, సుత్తి వద్దు. ప్లేటు విప్పితే సీలు బయటి నుంచే కనిపిస్తుంది. క్రాంక్ మీద గీత పడకుండా పీకి, కొత్తదాని అంచుకు గ్రీజు రాసి, వంకర లేకుండా దించండి.

తెల్ల పొగ దట్టంగా వస్తూ గేర్ ఆయిల్ తగ్గుతుంటే అది క్లచ్ వైపు సీలు, దానికి మెకానిక్ కావాలి. రీడ్ పెటల్ (ఇన్‌టేక్ దగ్గర తెరుచుకుని మూసుకునే పల్చటి రేకు) చిట్లడం, క్రాంక్ కేసు పగలడం అరుదు, వాటి మీద ముందే బెంగపడకండి.

సీలు మార్చాక మీరు పెంచిన జెట్లు తీసేసి కంపెనీ జెట్లే వేయండి. లేకపోతే పది కిలోమీటర్లు పోకముందే ప్లగ్ తడిసి ఆగుతుంది, మళ్లీ నాకే ఫోన్ చేస్తారు.