కొండ ఎక్కలేకపోతున్నారా? స్టామినాను తిట్టుకునే ముందు ఇవి చూడండి

విజయవాడ, గుంటూరు నుంచి కొండలెక్కడం మొదలుపెట్టినవాళ్లలో చాలామంది ఒకటి రెండు ఆదివారాలకే మానేస్తారు. ఎందుకని అడిగితే ఒకటే మాట: "నాకు స్టామినా లేదండీ." ఈ మాట విన్నప్పుడల్లా నాకు బాధేస్తుంది. చాలాసార్లు అసలు కారణం అది కాదు. నడిచిన వేగం, బయల్దేరిన టైము, వేసుకున్న బూట్లు, యాత్రకు వేసుకున్న లెక్క, వీటిలో ఏదో ఒకటి తేడా కొట్టి ఉంటుంది. ఇవన్నీ సరిచేసుకోగలిగినవే. మీకు వచ్చిన ఇబ్బంది ఏదో అక్కడికి నేరుగా వెళ్లండి. ఎండ గురించి రాసింది మాత్రం అందరూ చదవండి.

సమస్య: పది నిమిషాలకే ఆయాసం, గుండె దడ

రోడ్డు మీద నడిచే వేగంతోనే కొండ మీదా నడవడం దీనికి కారణం. పక్కనున్న కుర్రాడు ముందుకు పోతుంటే మనమూ అడుగు పెంచుతాం. ఐదు నిమిషాల్లో ఊపిరి అందదు.

మొదటి పావుగంట మరీ నెమ్మదిగా, చిన్న చిన్న అడుగులతో ఎక్కండి. ఎక్కుతూనే పక్కవాళ్లతో పూర్తి వాక్యాలు మాట్లాడగలగాలి. మాట మధ్యలో తెగుతోందంటే వేగం ఎక్కువైనట్టే. పరుగులా ఎక్కి ఐదు నిమిషాలు కూలబడేకంటే, ఆగకుండా మెల్లగా ఎక్కేవాళ్లే ముందు పైకి చేరతారు. గుంపులో అందరికంటే నెమ్మదిగా నడిచేవాళ్లను ముందు పెట్టండి, సగం గొడవ తీరిపోతుంది.

వేగం తగ్గించినా ఆయాసం పోకపోతే రక్తపరీక్ష చేయించుకోండి. మన దగ్గర ఆడవాళ్లలో రక్తహీనత ఎక్కువ. హిమోగ్లోబిన్ తక్కువగా ఉంటే ఎంత ప్రాక్టీసు చేసినా కొండ మీద ఊపిరి అందదు. ఛాతీ బిగబట్టినట్టున్నా, నొప్పి చేతికో దవడకో పాకినా అక్కడే ఆగి వెంటనే సాయం పిలవాలి. బీపీ, షుగర్ ఉన్నవాళ్లు మొదలుపెట్టే ముందే డాక్టర్‌ను కలవండి.

సమస్య: తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతి వచ్చినట్టుండటం

మన ప్రాంతంలో అన్నిటికంటే ప్రమాదం ఎండే. మన గాలిలో తేమ ఎక్కువగా ఉన్న రోజుల్లో చెమట పడుతుందే గానీ ఆరదు. ఆరితేనే ఒంటికి చల్లదనం. పైగా కొండపల్లి అడవి లాంటి చోట్ల చెట్లు ఎండాకాలానికి ఆకు రాల్చేస్తాయి, నీడ ఉండదు. పొద్దెక్కేకొద్దీ బండలు వేడెక్కి కింద నుంచి కూడా సెగ కొడతాయి. మేలో ఏడింటికి బయల్దేరి, తల తిరిగి కిందకి దిగినవాళ్లు "నా వల్ల కాదు" అనుకుంటే అది అన్యాయం. ఆ టైముకి ఆ కొండ ఎవరి వల్లా కాదు.

మొదలుపెట్టడానికి నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. ఆ నెలల్లో కూడా తెల్లవారుతూనే ఎక్కడం మొదలుపెట్టి, తొమ్మిదిన్నర, పదింటికల్లా దిగిపోయేలా చూసుకోండి. గంటకు సుమారు అర లీటరు నీళ్లు లెక్కేసుకోండి, దాహం వేసినప్పుడల్లా తాగండి. దాహం లేకపోయినా లీటర్లకు లీటర్లు ఉత్త నీళ్లు బలవంతంగా తాగితే రక్తంలో సోడియం పలచబడుతుంది, అదీ ప్రమాదమే. సీసాల్లో ఒకదానిలో ఓఆర్‌ఎస్ కలపండి. ప్యాకెట్ మీద లీటరు అని ఉంటే సరిగ్గా లీటరు నీళ్లలోనే కలపాలి. ప్యాకెట్ దొరక్కపోతే లీటరు మంచినీళ్లలో 6 చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. చిన్న టీ చెంచాతో, తలకొట్టి కొలవండి.

బాగా చెమట పట్టి నీరసంగా ఉంటే నీడలో పడుకోబెట్టి, కాళ్లు ఎత్తి పెట్టి, మెల్లగా తాగించండి. ఇక ఆ రోజు పైకి వెళ్లొద్దు. మనిషి తికమకగా మాట్లాడుతున్నా, తూలుతున్నా, స్పృహ తప్పుతున్నా అది వడదెబ్బ. అప్పుడు 108కి ఫోన్ చేసి, బండి వచ్చేలోపు ఒళ్లంతా నీళ్లతో తడిపి విసరాలి. మెడ, చంకలు, గజ్జల దగ్గర తడిగుడ్డలు పెట్టాలి. స్పృహ సరిగా లేనివాళ్ల నోట్లో నీళ్లు పొయ్యొద్దు.

సమస్య: మడమ మీద, వేళ్ల మధ్య బొబ్బలు

వేడి, తడి, రాపిడి మూడూ కలిస్తే బొబ్బ వస్తుంది. కాటన్ సాక్సులు చెమటను పీల్చి తడిగా ఉండిపోతాయి. స్పోర్ట్స్ షాపుల్లో దొరికే సింథటిక్ సాక్సులు రెండు జతలు కొనుక్కోండి. బూట్లు సాయంత్రం పూట, ఆ సాక్సులు వేసుకునే కొనండి, అప్పటికి పాదాలు కొంచెం ఉబ్బి ఉంటాయి. బొటనవేలి ముందు ఒక వేలు వెడల్పు ఖాళీ ఉండాలి, మడమ మాత్రం లేవకూడదు. కొత్త బూట్లతో నేరుగా కొండకు పోవద్దు, రెండు వారాలు ఊళ్లో తొడగండి.

నడుస్తుంటే ఎక్కడైనా చురుక్కుమంటే అప్పుడే ఆగండి. గుంపును ఆపడానికి మొహమాటపడతారు చాలామంది, వద్దు. మెడికల్ షాపులో దొరికే మైక్రోపోర్ టేప్ ముడతల్లేకుండా అంటిస్తే చాలాసార్లు బొబ్బ దాకా పోదు. షుగర్ ఉన్నవాళ్లు బొబ్బను సొంతంగా చిదపకండి, డాక్టర్‌కి చూపించండి.

దిగేటప్పుడు వేళ్లు ముందుకు తన్నుకుని గోళ్లు నల్లబడుతుంటే గోళ్లు కత్తిరించుకోండి, చీలమండ దగ్గర లేసు బిగించండి. అంతే.

సమస్య: ఎక్కడం బాగానే ఉంది, దిగేటప్పుడే మోకాళ్లు పట్టేస్తున్నాయి

రోజూ ప్రకాశం బ్యారేజీ మీద గంట నడిచేవాళ్లు కూడా ఇదే అంటారు. బ్యారేజీ చదును. దిగేటప్పుడు తొడ కండరాలు సాగుతూనే ఒంటి బరువును ఆపాలి, ఆ పని చదును నేల ఎప్పుడూ నేర్పదు. తొడలు అలసిపోయాక ఆ భారం మోకాలి మీద పడుతుంది. అలిపిరి దారిలో 3,550 మెట్లెక్కి తిరుమల నుంచి బస్సులో వచ్చినవాళ్ల కంటే, ఆ మెట్లన్నీ దిగి వచ్చినవాళ్లకే రెండో రోజు తొడలు ఎక్కువగా పట్టేయడం ఇందుకే. ఆ రకం కండరాల నొప్పి మూడు నాలుగు రోజుల్లో తగ్గిపోతుంది, భయం అక్కర్లేదు.

అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లకు మంచి ప్రాక్టీసు ఉంది: లిఫ్ట్‌లో ఎక్కండి, మెట్లు దిగండి. వారానికి మూడుసార్లు, నెమ్మదిగా. కొండ మీద చిన్న అడుగులు వేస్తూ, మోకాలు కొద్దిగా వంచి దిగండి. చేతికర్ర పట్టుకోవడానికి సిగ్గుపడకండి, మోకాళ్ల మీద భారం నిజంగానే తగ్గుతుంది. మోకాలు వాచినా, బిగుసుకుపోయినా మాత్రం ఎముకల డాక్టర్ దగ్గరికే.

సమస్య: రెండు గంటలనుకున్నది నాలుగు గంటలు పట్టింది

మ్యాప్‌లో కిలోమీటర్లే చూసి, ఎత్తు చూడలేదు. 1892లో స్కాట్లాండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ చెప్పిన లెక్క ఇప్పటికీ పనికొస్తుంది: 5 కిలోమీటర్లకు ఒక గంట, ప్రతి 600 మీటర్ల ఎత్తుకు ఇంకో గంట. 8 కిలోమీటర్ల దారి, 300 మీటర్ల ఎత్తు అయితే సుమారు రెండు గంటల ఆరు నిమిషాలు. ఇందులో విశ్రాంతి లేదు, మన ఎండ లేదు. కొత్తవాళ్లయితే దానికి మరో సగం కలపమంటాను, అంటే మూడు గంటల పైమాటే. కొండవీడు లాంటి చోట రెడ్డిరాజుల కోటగోడలు, పైనున్న చెరువులు చూడకుండా రాలేరు కదా, ఆ టైము వేరే.

మేకలు నడిచిన బాటలు అసలు దారిలాగే కనిపిస్తాయి. ఫోన్లో ఆఫ్‌లైన్ మ్యాప్ పెట్టుకోండి. అనుమానం వస్తే ముందుకు కాదు, తెలిసిన చోటికి వెనక్కి రండి. రిజర్వ్ ఫారెస్టులోకి వెళ్లే ముందు అటవీశాఖ వాళ్లను అడగండి.

సమస్య: హిమాలయాలకు వెళ్లాం, సగంలో తిరిగొచ్చాం

మన ఊళ్లు సముద్రమట్టానికి పదుల మీటర్ల ఎత్తులోనే ఉంటాయి. ఉత్తరాఖండ్‌లో కొత్తవాళ్లు ఎక్కువగా వెళ్లే కేదార్‌కంఠ శిఖరం సుమారు 3,800 మీటర్లు. 2,500 మీటర్లు దాటాక ఎవరికైనా తలనొప్పి, వికారం, నిద్రపట్టకపోవడం రావచ్చు. జిమ్ చేసినవాళ్లకూ వస్తుంది, ఒళ్లు ఎంత గట్టిదన్నదాంతో సంబంధం లేదు. లక్షణాలుంటే ఆ పూట ఇంకా పైకి వెళ్లొద్దు, ముదిరితే కిందకి దిగాలి. నడక తూలుతున్నా, కదలకుండా కూర్చున్నా ఆయాసం వస్తున్నా తెల్లారేదాకా చూడొద్దు, వెంటనే దింపాలి.

అసలు కారణం చాలాసార్లు సెలవుల లెక్కలోనే ఉంటుంది. విజయవాడ నుంచి ఢిల్లీకి రైల్లో ఒక రోజు పైన, అక్కడి నుంచి డెహ్రాడూన్, ఆపైన బేస్ గ్రామం సాంక్రికి కొండదారి. ఆఫీసు సెలవు తక్కువని ప్రయాణం మిగిల్చిన రోజుల్లోనే ఎక్కడం ఇరికిస్తే ఒంటికి అలవాటుపడే టైమెక్కడుంది? 3,000 మీటర్లు దాటాక రాత్రి పడుకునే ఎత్తును రోజుకు 500 మీటర్ల కంటే పెంచకుండా ప్లాన్ వేసుకోండి, మధ్యలో ఒక రోజు ఖాళీగా వదలండి. రైలు రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తున్నారు కాబట్టి, ముందు నడక రోజులు లెక్కేసి, ఆ తర్వాతే టికెట్ తేదీలు పెట్టుకోండి. అన్ని రోజులు సెలవు దొరక్కపోతే అరకు వైపు వెళ్లండి. విశాఖ దాకా రాత్రి రైలు, అక్కడి నుంచి పొద్దున్నే కొండల్లోకి ఇంకో రైలు ఉంటుంది. ఎత్తు సుమారు 900 మీటర్లే కాబట్టి తలనొప్పి భయం లేకుండా మొదటి రోజు నుంచే నడవొచ్చు.